పిత్తనాళ క్యాన్సర్‌కు ఇమ్యునోథెరపీ జత: రెండు గీతల మధ్య లెక్క (ప్రాజెక్టు డైరీ)

జూన్ 2

ముదిరిన పిత్తనాళ క్యాన్సర్‌కు కీమోతో పాటు ఇమ్యునోథెరపీ కలిపి ఇస్తే ఎంత మేలు జరుగుతుంది? వైద్య పత్రికల్లో దీనికి దొరికే పొట్టి జవాబు: నెలకు కాస్త పైన. టోపాజ్-1 పరీక్షలో కీమోకు డుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు కలిపి ఇచ్చినవారి మధ్యస్థ జీవితకాలం, అంటే సగం మంది ఇంకా జీవించి ఉన్న కాలం, 12.8 నెలలు. కీమో మాత్రమే తీసుకున్నవారిది 11.5 నెలలు. తేడా 1.3 నెలలు. ఓపీలో రోగి కొడుకో కూతురో "డాక్టరు గారూ, ఈ ఇంజెక్షన్ వేయిస్తే అమ్మ ఎన్నాళ్లు ఉంటుంది?" అని అడిగినప్పుడు ఈ 1.3 ఒక్కటే చెబితే అసలు సంగతి వాళ్లకు అందదని నా నమ్మకం. ఎందుకు అందదో అంకెలతో చూపించాలని ఈ పని మొదలుపెట్టాను.

నాది గణాంకాల పని. నాతో కూర్చునే ఆంకాలజిస్టు మేడమ్‌ది వైద్యం. ప్రచురితమైన సర్వైవల్ గ్రాఫులను, అంటే నెలలు గడిచేకొద్దీ నూటికి ఎంతమంది జీవించి ఉన్నారో చూపే గీతలను, మళ్లీ అంకెల్లోకి మార్చి, వాటి ఆధారంగా తెలుగు కుటుంబాలకు చూపించదగిన కాగితం ఒకటి తయారు చేయాలి. ఇందులో కొత్త రోగులెవరూ లేరు, కొత్త మందూ లేదు. చేతిలో ఉన్నవల్లా రెండు పెద్ద పరీక్షల గ్రాఫులు, ఒక ల్యాప్‌టాప్, గణాంకాలకు వాడే ఆర్ అనే కంప్యూటర్ భాష, ఓపీ ముగిశాక మిగిలే సాయంత్రాలు.

జూన్ 5

ఏ పరీక్షలను తీసుకోవాలన్నది ఇవాళ తేల్చుకున్నాం. పునాది 2010లో వచ్చిన ఏబీసీ-02. బ్రిటన్‌లో 410 మందిపై జరిగిన ఆ పరీక్షలో జెమ్‌సైటబిన్ అనే కీమో మందుకు సిస్‌ప్లాటిన్ అనే మరో కీమో మందు జోడిస్తే మధ్యస్థ జీవితకాలం 8.1 నుంచి 11.7 నెలలకు పెరిగింది. ఆ తర్వాత పదేళ్లకు పైగా ఆ జంట కీమోను మించినది రాలేదు. ఈ జబ్బు ఎంత మొండిదో ఆ పదేళ్లే చెబుతాయి.

ఇమ్యునోథెరపీని ఒంటరిగా వాడితే ఫలితం చాలా తక్కువ. పెంబ్రోలిజుమాబ్‌ను ఒక్కదాన్నే ఇచ్చిన కీనోట్-158లో కణితి తగినంత కుంచించుకుపోయినవారు నూటికి 5.8 మంది. పిత్తనాళ కణితి చుట్టూ పీచు కణజాలం దట్టంగా పేరుకుని ఉంటుంది, లోపలికి చేరే టీ కణాలు, అంటే క్యాన్సర్‌తో పోరాడే రోగనిరోధక కణాలు, తక్కువ. ఇమ్యునోథెరపీ చేసేది వాటి మీదున్న బ్రేకు తీయడమే. పోరాడాల్సిన కణాలే అక్కడ లేనప్పుడు వాటి బ్రేకు తీసినంత మాత్రాన లాభం ఉండదు. అందుకే అందరూ జతల కోసం వెతికారు. ఆస్ట్రేలియాలో నివోలుమాబ్, ఇపిలిముమాబ్ రెంటినీ కలిపి 39 మందికి ఇస్తే 23 శాతం మందిలో కణితి తగ్గింది. తగ్గినవన్నీ కాలేయం లోపలి నాళాలవి, పిత్తాశయానివి (ఈ పరీక్షల్లో పిత్తాశయ క్యాన్సర్‌నూ పిత్తనాళ క్యాన్సర్లతోనే కలిపి లెక్కిస్తారు). కాలేయం బయటి నాళాల్లో ఒక్కటీ లేదు. అటెజోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందుకు కోబిమెటినిబ్ అనే మరో రకం మందు జోడించిన 77 మంది పరీక్షలో జబ్బు ముదరకుండా ఉన్న కాలం 1.87 నుంచి 3.65 నెలలకు పెరిగింది కానీ, కణితులు తగ్గినవారు రెండు వైపులా మూడు శాతం దగ్గరే ఆగిపోయారు. ఎంతో ఆశ పెట్టుకున్న బింట్రాఫస్ప్ ఆల్ఫా పరీక్షను 2021లో మధ్యలోనే ఆపేశారు.

చివరికి నిలిచింది పాత కీమో జంటకు ఒక ఇమ్యునోథెరపీ మందును కలిపే పద్ధతి. కీమో కణితి కణాలను చంపినప్పుడు వాటి లోపలి ప్రొటీన్లు బయటపడి రోగనిరోధక వ్యవస్థ కంటపడతాయని, ఆ వ్యవస్థను అణచిపెట్టే కణాలను జెమ్‌సైటబిన్ కొంత తగ్గిస్తుందని దీని వెనకున్న ఆలోచన. ఈ పద్ధతిలో పెద్ద పరీక్షలు రెండు: 685 మందితో టోపాజ్-1, 1069 మందితో కీనోట్-966. మా పని ఈ రెంటితోనే. చిన్న పరీక్షలను కూడా కాగితంలోకి లాగితే చదివేవాళ్లు తికమకపడతారని మేడమ్ గట్టిగా చెప్పారు. నాకూ అదే సబబనిపించింది.

జూన్ 11

టోపాజ్-1 గ్రాఫును అంకెల్లోకి దించడం మొదలైంది. ఇందుకు వెబ్‌ప్లాట్‌డిజిటైజర్ అనే ఉచిత సాధనం ఉంది. గ్రాఫు బొమ్మను అందులోకి ఎక్కించి, అడ్డం గీత మీద రెండు బిందువులు, నిలువు గీత మీద రెండు బిందువులు గుర్తించి వాటి విలువలు ఇస్తే, ఆ తర్వాత ఎక్కడ నొక్కినా నెల, శాతం రెండూ వస్తాయి. రంగు చూపిస్తే గీతను తనంతట తానే గుర్తుపట్టే సదుపాయమూ ఉంది.

కానీ టోపాజ్-1లో మొదటి ఆరు నెలల దాకా రెండు గీతలూ ఒకే సూదికి ఎక్కించిన రెండు దారాల్లా పెనవేసుకుని ఉంటాయి. పైన ఉన్న రంగు కింది రంగును మింగేస్తుంది. సాధనం ఒక గీతను పట్టుకుని రెండోది తెగిపోయిందనుకుంటుంది. కాబట్టి ఆ భాగమంతా బొమ్మను బాగా పెద్దది చేసుకుని చేత్తోనే నొక్కాలి. ఇంకో చిక్కు, గీత మీద నిలువుగా ఉండే సన్నని గాట్లు. మరణం నమోదు కాకుండానే పరిశీలన ఆగినవారి గుర్తులు అవి. రంగుతో వెతికే సాధనం ఆ గాటు పైకొసను కూడా గీతే అనుకుని అక్కడ శాతం పెరిగినట్టు చూపిస్తుంది. సర్వైవల్ గీత ఎప్పుడూ పైకి వెళ్లదు. అందుకని ప్రతి బిందువూ దాని ముందరి బిందువుకు సమానంగా గానీ, అంతకంటే కింద గానీ ఉండేలా ఆర్‌లో చిన్న వడపోత రాశాను.

జూన్ 14

గయో, ఆమె సహచరులు 2012లో ఇచ్చిన పద్ధతినే వాడుతున్నాను. బిందువులతో పాటు గ్రాఫు కింద చిన్న అక్షరాల్లో ఉండే వరుస దీనికి ప్రాణం. ఏ నెలలో ఇంకా ఎంతమంది పరిశీలనలో ఉన్నారో అది చెబుతుంది. టోపాజ్-1లో మొదట డుర్వాలుమాబ్ వైపు 341 మంది, ప్లాసిబో వైపు, అంటే కీమోతో పాటు మందు లేని ఇంజెక్షన్ ఇచ్చిన వైపు, 344 మంది. రెండు వరుస అంకెల మధ్య తగ్గినవారిలో ఎందరు చనిపోయారో, ఎందరి పరిశీలన ఆగిందో గీత దిగిన తీరును బట్టి లెక్కగట్టి, ఒక్కొక్కరికి ఒక వరుస చొప్పున పట్టిక తయారవుతుంది. ఆ వరుసల్లో ఉన్నది నిజమైన మనుషుల వివరాలు కావు. అందరినీ కలిపి చూసినప్పుడు మాత్రం అసలు పరీక్షలాగే ప్రవర్తిస్తాయి. వయసు, కణితి చోటు, కామెర్ల తీవ్రత చెప్పే బిలిరుబిన్ వంటివి ఇందులో ఉండవు. ఈ పరిమితిని కాగితం చివర రాయాలని ఇప్పుడే గుర్తు పెట్టుకున్నాను.

జూన్ 20

సరిచూసుకునే రోజు. తిరిగి కట్టిన పట్టిక నుంచి మధ్యస్థ కాలాలను తీస్తే ప్రచురితమైన వాటికి దగ్గరగానే వచ్చాయి. హజార్డ్ రేషియో, అంటే ఏ క్షణాన చూసినా ఒక వైపు మరణ ప్రమాదం రెండో వైపుతో పోలిస్తే ఎంత అన్నది, ప్రచురణలో 0.80. ఇది 1కి ఎంత దగ్గరైతే లాభం అంత తక్కువ. మాకు రెండో దశాంశ స్థానంలో కొద్ది తేడాతో వచ్చింది. ఈ పద్ధతికి అంతకంటే దగ్గరగా రావాలని ఆశించలేం.

అయితే ఆ 0.80 మొదటి రోజు నుంచి చివరి దాకా ఒకేలా ఉండే సంఖ్య కాదు. పరిశోధకులే విడదీసి ప్రచురించారు: మొదటి ఆరు నెలల్లో 0.91, ఆ తర్వాత 0.74. సగం ఏడాది దాకా గీతలు కలిసే నడిచి, తర్వాత విడిపోతాయి. మా పట్టికలోనూ ఆ మలుపు స్పష్టంగా కనిపించింది.

ఎనిమిది కోర్సుల కీమో ముగిసేది కూడా దాదాపు అప్పుడే. మూడు వారాలకొకసారి కోర్సు. అందులో ఒకటో రోజున, ఎనిమిదో రోజున జెమ్‌సైటబిన్, సిస్‌ప్లాటిన్. ఒకటో రోజున వాటితో పాటు 1500 మిల్లీగ్రాముల డుర్వాలుమాబ్. ఎనిమిది కోర్సులకు 24 వారాలు. ఆ తర్వాత జబ్బు ముదిరేదాకా నాలుగు వారాలకొకసారి డుర్వాలుమాబ్ ఒక్కటే. గీతలు విడిపోవడానికి ఇదే కారణమని నేను అనను. జిల్లాల నుంచి హైదరాబాద్ వచ్చిపోయే కుటుంబానికి మాత్రం ఈ షెడ్యూలు తెలియాలి. మొదటి ఆరు నెలలు ప్రయాణాలు ఎక్కువ, ఆ తర్వాత నెలకు ఒకటి.

జూన్ 23

ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన లెక్క ఇది. దీనికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు.

టోపాజ్-1 మొదటి నివేదికలో 12 నెలలకు జీవించి ఉన్నవారు డుర్వాలుమాబ్ వైపు 54.1, ప్లాసిబో వైపు 48.0 శాతం. 18 నెలలకు 35.1, 25.6. 24 నెలలకు 24.9, 10.4. అంటే గీతల మధ్య ఎడం వరుసగా 6.1, 9.5, 14.5 పాయింట్లు. ఆరో నెల దాకా ఎడం సున్నా అనుకుందాం. ఇప్పుడు రెండు గీతల మధ్య వైశాల్యం కట్టాలి. 6 నుంచి 12 నెలల మధ్య సగటు ఎడం 3.05, దాన్ని ఆరుతో గుణిస్తే 18.3. 12 నుంచి 18 మధ్య 7.8 సార్లు ఆరు, 46.8. 18 నుంచి 24 మధ్య 12 సార్లు ఆరు, 72. మొత్తం 137.1. వందతో భాగిస్తే 1.37 నెలలు. మొదటి రెండేళ్లలో ఒక్కొక్కరికి సగటున కలిసివచ్చిన కాలం ఇది. ఆర్‌లో పూర్తి పట్టికతో చేసినా దాదాపు ఇంతే వచ్చింది.

చూడటానికి ఇది కూడా ఆ 1.3 లాగే ఉంది. కానీ ఎక్కడ పోగైందో గమనించండి. 137లో 72, అంటే సగానికి పైగా, చివరి ఆరు నెలల్లోనే వచ్చింది. మొదటి ఏడాది మొత్తం ఇచ్చింది 18 మాత్రమే. ఈ నెలా పది రోజులు అందరికీ తలా ఇంత పంచినది కానే కాదు. చాలామందికి పెద్దగా ఏమీ రాకపోయి, కొద్దిమందికి చాలా నెలలు వచ్చి ఉండవచ్చు. సగటు ఆ రెంటినీ ఒకే సంఖ్యలోకి దంచేసింది. మేడమ్ ఈ పట్టికను చాలాసేపు చూసి, "ఓపీలో నేను చూస్తున్నది ఇదే. నాకు అంకెల్లో ఎప్పుడూ కనిపించలేదు" అన్నారు.

జూన్ 25

రెండేళ్ల దగ్గర ఉన్న 14.5 పాయింట్ల ఎడాన్ని అలాగే కాగితంలో పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. ఆ నివేదిక నాటికి మధ్యస్థ పరిశీలన కాలం డుర్వాలుమాబ్ వైపు 16.8 నెలలు, ప్లాసిబో వైపు 15.9. అంటే 24 నెలల దగ్గర గీతను మోస్తున్నవారు చాలా తక్కువ. 24.9 శాతానికి విశ్వాస అంతరం, అంటే నిజమైన విలువ ఉండగల హద్దులు, 17.9 నుంచి 32.5. 10.4 శాతానికి 4.7 నుంచి 18.8.

మరికొంత కాలం పరిశీలించాక వచ్చిన లెక్కలో రెండేళ్ల సంఖ్యలు 23.6, 11.5గా మారాయి. ఎడం 12కు తగ్గింది, చెదిరిపోలేదు. మూడేళ్లకు 14.6, 6.9. కాగితంలో రెండేళ్లకు, మూడేళ్లకు ఈ తర్వాతి సంఖ్యలనే వాడుతున్నాం. మూడేళ్ల దాకా రెట్టింపు మంది మిగలడం ఈ జబ్బులో చిన్న విషయం కాదు. ఏబీసీ-02 రోజుల నుంచి ఈ రోగులను చూస్తున్నవారికి దాని విలువ తెలుసు.

జూన్ 30

కీనోట్-966. పెంబ్రోలిజుమాబ్ వైపు 533 మంది, ప్లాసిబో వైపు 536. మధ్యస్థ జీవితకాలం 12.7, 10.9 నెలలు. హజార్డ్ రేషియో 0.83. రెండేళ్లకు జీవించి ఉన్నవారు 25, 18 శాతం. గీతలు ఇక్కడ శుభ్రంగా ఉన్నాయి కాబట్టి డిజిటైజింగ్ తొందరగానే అయింది.

తొందర లేనిది దాని అర్థం. రెండు పరీక్షల్లోనూ ఇమ్యునోథెరపీ వైపు రెండేళ్ల దగ్గర 25 శాతం. కీమో వైపు మాత్రం ఒకచోట 10, మరోచోట 18. ఒకే కీమో జంట ఇంత వేరుగా ఎందుకు పనిచేసింది? నిబంధనల్లో ఒక తేడా ఉంది. టోపాజ్-1లో ఎనిమిది కోర్సుల తర్వాత రెండు కీమో మందులూ ఆపేశారు. ప్లాసిబో వైపువారికి ఆ తర్వాత మిగిలింది ప్లాసిబోనే. కీనోట్-966లో ఎనిమిది కోర్సుల తర్వాత సిస్‌ప్లాటిన్ ఒక్కటే ఆగింది. జెమ్‌సైటబిన్‌ను రోగి తట్టుకున్నంత కాలం కొనసాగించారు. ఎడంలోని తేడాకు ఇది ఒక కారణం కావచ్చు. ఇదొక్కటే కారణమని చెప్పడానికి మా దగ్గర ఆధారం లేదు. ఒక పరీక్షలో ఎడం పెద్దది కాబట్టి ఆ మందే గొప్పదని ఎవరైనా అంటే మాత్రం ఆ మాటను ఒప్పుకోకూడదు. రెంటినీ ఎదురెదురుగా పెట్టి ఎవరూ పరీక్షించలేదు. అందుకే కాగితంలో రెండు పరీక్షలనూ ఒకే బొమ్మలో పక్కపక్కన పెట్టడం లేదు.

జూలై 6

కాగితం తొలి రూపం వచ్చింది. వంద చుక్కల చతురస్రం, వరుసకు పది. ఎడమ వైపు కీమో మాత్రమే, కుడి వైపు కీమోతో పాటు డుర్వాలుమాబ్. ఏడాదికి 48, 54. రెండేళ్లకు 12, 24. మూడేళ్లకు 7, 15. ఇందులో ఎక్కడా శాతాలు, దశాంశాలు లేవు. "వంద మందికి ఈ వైద్యం ఇస్తే" అన్న ఒక్క వాక్యం పైన.

కీమో వార్డులో సిస్టర్లకు చూపించాం. సీనియర్ సిస్టర్ అడిగిన మొదటి ప్రశ్న: "సార్, నిండు చుక్కలంటే ఉన్నవాళ్లా, పోయినవాళ్లా?" కింద రాసే ఉంది. కానీ కంగారులో ఉన్న మనిషి కింద చదవరు. రంగులు కూడా పనికిరాలేదు. వార్డులో ఉన్నది నలుపు తెలుపు ప్రింటరు, అందులో ఆకుపచ్చా బూడిదరంగూ ఒకేలా వచ్చాయి. ఇప్పుడు జీవించి ఉన్నవారికి నిండు చుక్క, మిగిలినవారికి ఖాళీ వలయం. ప్రతి చతురస్రం పక్కనే పెద్ద అక్షరాల్లో "జీవించి ఉన్నవారు 24" అని ఉంటుంది. మళ్లీ చూపిస్తే సిస్టర్ తలూపి, "మూడేళ్లది మొదట పెట్టకండి సార్, ఏడు అన్న అంకె చూసి మనిషి అక్కడే కూలబడిపోతాడు" అన్నారు. అనుభవంతో చెప్పిన మాట. ఏడాదితోనే మొదలుపెడుతున్నాం. రెండు, మూడేళ్లవి రెండో పేజీలో ఉంటాయి. వాళ్లు అడిగినప్పుడే తిప్పాలి.

జూలై 9

ఈ వంద మంది ఎవరన్నది రాయకపోతే కాగితం మోసమవుతుంది. రెండు పరీక్షల్లోనూ చేర్చుకున్నది తమ పనులు తాము చేసుకోగలిగే స్థితిలో ఉన్నవారిని. మా ఓపీకి వచ్చేవారిలో చాలామంది అలా ఉండరు. కామెర్లతో కళ్లు పచ్చబడి, దురదతో నిద్రలేక, బరువు తగ్గి వస్తారు. ముందు ఈఆర్‌సీపీ చేసి, అంటే నోటి గుండా గొట్టం పంపి, పిత్తనాళం తెరిచి ఉంచే స్టెంట్ వేయాలి, బిలిరుబిన్ దిగాలి, నాళంలో ఇన్ఫెక్షన్ ఉంటే తగ్గాలి. కీమో ఆ తర్వాతే. స్టెంట్ మూసుకుపోతే మళ్లీ జ్వరం, మళ్లీ ఆలస్యం.

పసరు మందుతో గడిచిపోయే వారాలు వీటికి అదనం. కామెర్లనగానే పసరు వేయించడం మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. నొప్పి లేకుండా వచ్చి తగ్గకుండా పెరుగుతున్న కామెర్లకు వెంటనే స్కాన్ కావాలి. ఆ మాటను కాగితం వెనక పేజీలో పెట్టించాను. దీనికీ ఇమ్యునోథెరపీకీ సంబంధం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. ఆ వారాలు పోగొట్టుకున్న మనిషికి రెండో పేజీలోని చుక్కలు అసలు వర్తించకుండా పోతాయి. సంబంధం అదే.

జూలై 13

పిత్తాశయం దగ్గర ఆగిపోయాం. టోపాజ్-1లో కాలేయం లోపలి నాళాల క్యాన్సర్లకు హజార్డ్ రేషియో 0.76 ఉంటే, పిత్తాశయానికి 0.94. కీనోట్-966లోనూ అదే వరుస: 0.76, 0.96. ఉపవర్గాల అంకెలను నమ్మి నిర్ణయాలు చేయకూడదని నేను అందరికీ చెప్పేవాడినే. మందు అక్కడ పనిచేయదని ఈ అంకెలు నిరూపించవు, అంత మంది రోగులు ఆ ఉపవర్గాల్లో లేరు. కానీ వేర్వేరుగా జరిగిన రెండు పరీక్షలు ఒకే వైపు చూపిస్తుంటే కళ్లు మూసుకోనూ లేను. పైగా మన దేశంలో, ముఖ్యంగా గంగా మైదానంలో, పిత్తాశయ క్యాన్సర్ భారం ఎక్కువ. ఆ రోగులకే ఈ వంద చుక్కల బొమ్మ ఎక్కువ ఆశ చూపించే ప్రమాదం ఉంది.

మేడమ్‌కు, నాకు ఇక్కడ చాలా వాదన జరిగింది. ఆవిడ, పిత్తాశయం రోగికి ఈ కాగితమే ఇవ్వొద్దన్నారు. ఇవ్వకపోతే వాళ్లకు ఏ కాగితమూ ఉండదని నేనన్నాను. చివరికి ఒప్పందం: వాళ్లకు వేరే కాగితం, అందులో చుక్కలు ఉండవు. "రెండు పరీక్షల్లోనూ మీ రకం క్యాన్సర్‌లో లాభం తక్కువగా కనిపించింది, లేదని తేలలేదు, మీ డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి" అన్న మూడు ముక్కలు మాటల్లోనే ఉంటాయి.

జూలై 18

సిస్టర్లు తెచ్చిన ప్రశ్న: తక్కువ డోసుతో సరిపోతుందా? టాటా మెమోరియల్ పరిశోధన గురించి రోగుల బంధువులు కూడా విని ఉన్నారు. తల, మెడ క్యాన్సర్లలో 151 మందిపై చేసిన ఆ పరీక్షలో మూడు వారాలకు కేవలం 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ కలిపితే, ఏడాదికి జీవించి ఉన్నవారు 16.3 నుంచి 43.4 శాతానికి పెరిగారు. ఖరీదు భరించలేని దేశానికి అది పెద్ద కానుక. అయినా అది వేరే క్యాన్సర్, వేరే మందు, జతగా ఇచ్చిన మందులూ వేరు. ఆ ఫలితాన్ని తెచ్చి పిత్తనాళానికి అతికించలేం. పిత్తనాళంలో అలాంటి పరీక్షే విడిగా జరగాలి, జరిగి తీరాలి. ఈ మాట కాగితంలో లేదు, ఓపీలో అడిగినవారికి మేడమ్ నోటితో చెబుతున్నారు.

జూలై 21

దుష్ఫలితాల పెట్టె చేర్చాం. డుర్వాలుమాబ్ కలిపినంత మాత్రాన తీవ్రమైన ఇబ్బందులు మొత్తం మీద పెరగలేదు. మూడు, నాలుగు స్థాయిల్లోనివి డుర్వాలుమాబ్ వైపు 75.7, ప్లాసిబో వైపు 77.8 శాతం, ఎక్కువ భాగం కీమోవే. రోగనిరోధక వ్యవస్థ సొంత అవయవాల మీద తిరగబడటం వల్ల వచ్చినవి అదే వరుసలో 12.7, 4.7 శాతం. థైరాయిడ్ మందగించడం వాటిలో తరచుగా కనిపించేది. అంకెలకంటే కుటుంబానికి కావలసినవి గుర్తులు: మందు మొదలై నెలలు గడిచాక అయినా సరే, ఆగని విరేచనాలు, కొత్తగా ఆయాసం, విపరీతమైన నీరసం కనిపిస్తే వేరే ఆసుపత్రికి వెళ్లినా సరే "ఇమ్యునోథెరపీలో ఉన్నాం" అని మొదటే చెప్పాలి. ఆ వాక్యాన్ని పెట్టెలో అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో వేయించాం.

కణితి నమూనాకు ఎంఎస్ఐ పరీక్ష, అంటే కణితి కణాల్లో డీఎన్ఏ తప్పులను సరిదిద్దే వ్యవస్థ చెడిందో లేదో చెప్పే పరీక్ష, చేయించమన్న వాక్యం కూడా చేరింది. ఎంఎస్ఐ ఎక్కువగా ఉన్న పిత్తనాళ రోగులు అరుదు. కానీ అలాంటి 22 మందికి పెంబ్రోలిజుమాబ్ ఒక్కటే ఇస్తే 40.9 శాతం మందిలో కణితి తగ్గింది. అదే మందు మామూలు పిత్తనాళ రోగుల్లో 5.8 దగ్గర ఆగిపోయింది. ఆ కొద్దిమందిని పరీక్ష చేయకుండా వదిలేయడం అన్యాయం.

మిగిలిన పని రెండు ముక్కలు. కీనోట్-966కు 36 నెలలు దాటిన పరిశీలనతో వచ్చిన తర్వాతి గ్రాఫు ఉంది. అందులో హజార్డ్ రేషియో 0.86. దాన్ని డిజిటైజ్ చేసి పెంబ్రోలిజుమాబ్‌కు విడిగా వంద చుక్కల కాగితం కట్టాలి. పిత్తాశయం కాగితాన్ని మేడమ్ రాస్తున్నారు. సోమవారం ఓపీ అయ్యాక సిస్టర్లతో కూర్చుని చదివిస్తాం.